రెక్కలు కరకరలాడిన పెరుగు

మన్యం అంచున, ఏరు అలిగి రెండు పాయలుగా విడిపోయి, కాస్త దూరం పోయాక సిగ్గుపడి మళ్ళీ కలిసిపోయే చోట, జంతువుల సంత జరిగేది. చిన్నాచితకా సంత కాదు. అందులో ఏనుగు తప్పిపోతే వెతకడానికి ఇంకో రెండు ఏనుగులు బయల్దేరేవి, అవీ తప్పిపోయేవి. ఆ సంతలో కానుగ చెట్టు కింద మాణిక్యమ్మ అనే గేదె పెరుగు అమ్ముకునేది.

ఆ పెరుగు గురించి ఏమని చెప్పను! కుండ బోర్లిస్తే పెరుగు కింద పడేది కాదు, విసుగొచ్చి కుండే ఊడి పడేది. ఒకసారి ఓ కోతి ఆ మీగడ మీద కాలు జారి పడి, లేవడానికి మనసొప్పక అక్కడే కాపురం పెట్టేసింది. పులి కూడా వేట ముగించుకుని వచ్చి, మీసాలకి అంటకుండా జాగ్రత్తగా ఓ ముంత తాగి, "కడుపు చల్లబడిందమ్మా" అని దణ్ణం పెట్టి పోయేది.

మాణిక్యమ్మ మటుకు గొప్పలు చెప్పుకోవడం ఎరగదు. పాలు కాచేది, చల్లార్చేది, కుండకి చెంప ఆనించి వేడి సరిగ్గా ఉందని తోచాక తోడు వేసేది. ఆ తోడు వాళ్ళ అమ్మమ్మ నాటిది, ఒక్క పూట కూడా తెగకుండా వస్తోంది. ఆపైన కుండ కదలకూడదు. కదిలితే తోడుకోదు. ఎండ తగలకూడదు. తగిలితే పులుస్తుంది. అందుకే ఆమెకి ఆ కానుగ నీడే ప్రాణం. ఆ నీడ పోయిందా, కొట్టు కట్టేసుకుని ఏట్లో పడుకోవాల్సిందే.

ఇంతలో అడవి పక్కన టవరు లేచింది. సిగ్నలంటే అలాంటిలాంటి సిగ్నలు కాదు, జొన్నకంకి పట్టుకుని నిలబడితే పేలాలైపోయేది. ఇక అందరికీ ఫోన్లే. చీమలు కూడా ఊరందరూ కలిసి ఒక ఫోను మోసుకుంటూ, మధ్య మధ్య దించుకుని వీడియోలు చూసేవి.

ఆ ఫోన్లతోనే గంధర్వం దశ తిరిగింది. గంధర్వం అంటే గాడిద. ఏటి నీళ్ళలో రంగు కలిపి షర్బత్ అని అమ్మేవాడు. గిట్టలెత్తి గంతులేస్తూ, కళ్ళు మూసుకుని ఓండ్ర పెడుతూ రీళ్ళు చేశాడు. అడవి అడవంతా విరగబడింది. కుందేళ్ళు ఆ ఓండ్రకి చెవులు మూసుకుంటూనే లైకులు కొట్టాయి. సంతలో గంధర్వం దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. మాణిక్యమ్మ దగ్గర ఈగలు, అవీ మొహమాటానికి వచ్చినవి.

ఓరోజు సంత పెద్ద తాతారావు వచ్చాడు. ఆయన తాబేలు. పొద్దున బయల్దేరితే ఆయన చెప్పదలుచుకున్న మాట మధ్యాహ్నానికి చేరుతుంది.

"అమ్మాయ్ మాణిక్యం... గంధర్వం నీడ అడుగుతున్నాడు. వాడి దగ్గర జనం ఎండలో మాడిపోతున్నారట."

"నా పెరుగో తాతయ్యా? అది మాడదా?"

"కొనేవాళ్ళున్న కొట్టుకే నీడ. అది సంత కట్టుబాటు. నేను పెట్టింది కాదు, మా తాత పెట్టాడు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, మార్చనివ్వడు. నీ కుండలు ఖాళీ అవుతుంటే ఎవడూ నిన్ను కదపడు. అవకపోతే మాత్రం..." అని ఆయన తల లోపలికి లాగేసుకున్నాడు. ఇష్టం లేని మాట వస్తే ఆయనకదే అలవాటు.

మాణిక్యమ్మ ఆ పూట మేత ముట్టలేదు. పక్క కొట్టు చుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. చుక్కల కోడి. చెట్ల కింద దొరికిన గింజలు అమ్ముతుంది, నోరు మాత్రం ఊరికే ఇస్తుంది.

"ఏడవకక్కా! ఆ గాడిదకి పాటొస్తే నాకు విమానం నడపడం వచ్చినట్టే."

సరిగ్గా అప్పుడు చెట్టు వెనకనుంచి దగ్గు వినబడింది. నక్క సుదర్శనం. మెడలో ఎక్కడో దొరికిన కుక్క పట్టీ వేసుకుని, దాన్ని ఐడీ కార్డు అనేవాడు.

"నమస్కారం మేడమ్. వ్యాపారాల్ని ఫోన్లలో పైకి తెచ్చేది నేనే. మీ బాధ విన్నాను. మీ సమస్య పెరుగు కాదు."

"మరి?"

"మీరే."

"నేనేం చేశానయ్యా?"

"మీ రంగు. కెమెరాకి నలుపు పడదు మేడమ్."

"నీ పళ్ళ పసుపు పడుతుందా?" అంది చుక్కమ్మ.

సుదర్శనం ఆమె వైపు తిరిగి, నోట్లో ఊరిన నీళ్ళు మింగి, చాలా మర్యాదగా నవ్వాడు. "మీక్కూడా ఓ పేజీ పెట్టిస్తాను చుక్కమ్మగారూ, ఉచితంగా. ఒకసారి మా బొరియకి రండి. ఒంటరిగా వస్తే ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు."

"ముందు నీ మూతికంటిన ఈక తుడుచుకో బాబూ, తర్వాత మాట్లాడుకుందాం."

చుక్కమ్మ ఎన్ని సైగలు చేసినా, నీడ పోతుందన్న భయంలో మాణిక్యమ్మకి ఏదీ ఎక్కలేదు. సుదర్శనం బేరం కుదుర్చుకున్నాడు. వేలాది ఫాలోవర్లని, మెచ్చుకోళ్ళని అతను తేవాలి. పనయ్యాక మాణిక్యమ్మ ఓ పెద్ద బాన నిండా మీగడ పెరుగు ఇవ్వాలి.

మర్నాడు వీడియో తీశాడు. ఆమె జొన్నచొప్ప నములుతూ వచ్చి నిలబడింది.

"ఉమ్మెయ్యండి మేడమ్! చొప్పకి లైకులు రావు. మీరు హిమాలయాల్లో మంచుగడ్డి మేసి, వెన్నెల తాగి పాలిస్తారు. అలా చెప్పండి."

"నేను పుట్టి ఆ ఏరు దాటలేదు కదయ్యా."

"చూసేవాళ్ళు దాటారా? కానివ్వండి."

ఆమె బిక్కమొహంతో చెప్పింది. అతను పైన ఫిల్టరు వేశాడు. ఫిల్టరా అది, సున్నపు బట్టీనా! మాణిక్యమ్మ పాలరాతి బొమ్మలా, నీలికళ్ళతో, గులాబీ మూతితో తేలింది. కొమ్ములు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. రాత్రికి రాత్రే వేలాది ఫాలోవర్లు వచ్చిపడ్డారు, ఒక్కళ్ళకీ ఊరూ మొహమూ లేవు. ఏటవతల చెల్లెలు ఆ వీడియో చూసి కంగారుగా ఫోన్ చేసింది. "అక్కా, ఎవరే ఆవిడ? బావగానీ రెండో పెళ్ళి చేసుకున్నాడా ఏంటి?"

సంతరోజు రానే వచ్చింది. జనం వచ్చారు, కాదనను. జింక ఒకటి గంతులేసుకుంటూ వచ్చి, కొట్టు లోపలికి, మాణిక్యమ్మ వెనక్కి, ఆఖరికి కుండల్లోకి కూడా తొంగి చూసింది.

"అత్తా, ఆ తెల్లావిడ ఏదీ?"

"నేనేనమ్మా."

"బాగుంది వేళాకోళం! ఆవిడొచ్చాక వస్తాంలే."

అలా వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. ఎలుగుబంటి ముంత నింపిన కుండ తప్ప, మిగతా పెరుగు కుండలు మూతలు తియ్యకుండా ఉండిపోయాయి. "కంగారొద్దు మేడమ్, మెచ్చుకోళ్ళు పడితే అంతా సర్దుకుంటుంది" అని సుదర్శనం చిలకల గుంపుని రంగంలోకి దించాడు. ఒక్కో చిలకకీ మిరపకాయలు ఇస్తానని మాటిచ్చాడు. ఆ గుంపు ఎంతంటే, ఎగిరితే అడవికి గ్రహణం పట్టేది. అవన్నీ ఒక్కసారిగా మాణిక్యమ్మ వీడియో కింద రాయడం మొదలుపెట్టాయి.

చుక్కమ్మ ఫోను పట్టుకుని ఉత్సాహంగా చదివింది. "అక్కా, వచ్చేశాయి! 'ఆహా, ఏం రుచి! రెక్కలు కూడా కరకరలాడాయి!'"

"ఏం కరకరలాడాయి?"

"రెక్కలట. ఉండు, ఇంకొకళ్ళేమన్నారో చూద్దాం. 'ఆహా, ఏం రుచి! రెక్కలు కూడా...' అయ్యో రాత, ఇదీ అదే! కింద కూడా అదే! అక్కా, ఎంత జరిపినా రెక్కలే వస్తున్నాయే!"

ఇక చూడండి గొడవ. ఎప్పుడూ ముంత కింద పెట్టని ఎలుగుబంటి, తాగుతున్న పెరుగు ఉమ్మేసి చేతులు కడుక్కున్నాడు. కొంగలు గుంపుగా వచ్చి పడ్డాయి.

"ఏమమ్మా, ఎవరివా రెక్కలు? మా మేనత్త కనబడి చాలాకాలమైంది!"

"నా పెరుగులో రెక్కలేంటమ్మా! పాలు, తోడు, అంతే!"

"మరి తిన్నవాళ్ళందరూ అబద్ధమాడుతున్నారా? ఇంతమందా?"

ఆ సాయంత్రానికి అడవిలో పక్షులన్నీ బంధువుల్ని పేరుపేరునా పిలిచి చూసుకున్నాయి. పెరుగు మాట ఎత్తితే పిచ్చుక పిల్లలు జడుసుకునేవి.

మాణిక్యమ్మ కొమ్ములు దించుకుని సుదర్శనం బొరియ ముందు నిలబడింది. "ఏంటయ్యా ఇది?"

"ఏముంది మేడమ్? వాళ్ళకొచ్చింది ఆ ఒక్క ముక్కే. కప్ప బంగారయ్య ఉసిళ్ళ వేపుడు కొట్టుకని నేర్పించాను. బాగా పనిచేసింది. ఉసిళ్ళకి రెక్కలుంటాయి కదా, కరకరలాడతాయి."

"నాది పెరుగయ్యా!"

"మెచ్చుకోలు మెచ్చుకోలే కదా! కొత్త ముక్క నేర్పాలంటే అంత మంది చిలకల ముందు ఎవడు కూర్చుంటాడు? అయినా మీ పేరు అందరి నోళ్ళలో నానుతోంది, సంతోషించండి. నా బాన మర్చిపోకండేం!"

తిరిగొచ్చేసరికి కానుగ చెట్టు కింద తాతారావు తల లోపల పెట్టుకునే మాట్లాడుతున్నాడు. "వచ్చే సంతకి కుండలు ఖాళీ అవకపోతే నీడ గంధర్వానిదమ్మా." గంధర్వం అప్పటికే వెనక నిలబడి, నీడలో తన బల్ల ఎక్కడ పడుతుందో గిట్టలతో కొలుచుకుంటున్నాడు. "ఏమనుకోకు వదినా, నీ పెరుగంటే నాకిష్టమే. రెక్కలే కొంచెం..."

మాణిక్యమ్మకి ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. గేదెకి కోపం రావడానికి చాలాసేపు పడుతుంది. వచ్చాక మాత్రం అది కూర్చోవడానికి చోటు చాలదు.

సంత ముందురోజు తెల్లారుతూనే చుక్కమ్మని లేపింది. "ఒసేయ్, ఆ ఫోను తెచ్చి ఈ కొమ్మకి కట్టు. లైవో గీవో అంటారే, అది పెట్టు."

"ఫిల్టరు?"

"దాన్ని ఏట్లో పారెయ్."

"అక్కా, మూతికి చొప్ప అంటుకుని ఉంది..."

"ఉండనీ. నేను తినేది అదే."

మొహం కెమెరాకి దగ్గరగా పెట్టింది. అడవిలో అందరి ఫోన్లలోనూ నల్లటి ముక్కురంధ్రాలు రెండు గుహల్లా కనబడ్డాయి. "నేను మాణిక్యమ్మని. ఆ తెల్లావిడ ఎవరో నాకూ తెలీదు. హిమాలయాలు ఎటున్నాయో కూడా తెలీదు. ఆ రోజు అలా చెప్పమంటే భయంలో చెప్పాను, తప్పే. ఇవిగో పాలు, ఇప్పుడే కాచినవి. ఇదిగో తోడు. కుండలు ఇక్కడే ఉంటాయి, ఫోనూ ఇక్కడే ఉంటుంది. రెక్క పడుతుందేమో మీరే చూసుకోండి." కుండకి చెంప ఆనించింది, తోడు వేసింది, వరసగా పెట్టింది, పక్కన కూర్చుని నెమరు వేసుకోవడం మొదలుపెట్టింది.

అంతే. ఇంకేం జరగలేదు. పెరుగు తోడుకోవడంలో చూడ్డానికి ఏముంటుంది? కానీ అడవి మొత్తం కళ్ళప్పగించి చూసింది! రెక్క పడితే పట్టుకుందామని కొంగలు ఒంటికాలి మీద నిలబడి చూశాయి. ఊరికే ఓసారి చూసి పోదామనుకున్న ఎలుగుబంటి పొయ్యి మీద అన్నం మాడబెట్టాడు. పులి జింకని తరుముతూ తరుముతూ మధ్యలో ఆగి, "తోడుకుందా?" అని అడిగింది. జింక కూడా ఆగి ఫోను చూసి, "ఇంకా లేదండీ" అని చెప్పి, మళ్ళీ పరిగెత్తింది.

ఎండెక్కాక ఒక ఈగ వచ్చింది. కుండ చుట్టూ ఓ చుట్టు తిరిగింది. అడవి ఊపిరి బిగబట్టింది. ఇంకో చుట్టు తిరిగి, కుండ అంచు దాకా దిగింది. ఏరు కూడా ఆగి చూసిందంటే అబద్ధం కాదు, ఆరోజు కింద ఊళ్ళకి నీళ్ళు ఆలస్యంగా వెళ్ళాయి. అప్పుడు మాణిక్యమ్మ, నెమరు ఆపకుండా, కళ్ళు తెరవకుండా, తోకతో ఠపీమని ఒకటిచ్చింది. ఈగ పక్క జిల్లాలో పడింది. అడవంతా లేచి ఈలలు!

ఈ ఉత్సాహంలో చుక్కమ్మ ఒళ్ళు మరిచిపోయింది. బాగా కనబడాలని ఓ కుండని కాలితో ఫోను వైపు జరిపింది.

"ఓసి నీ తొందర తగలెయ్యా! కదపొద్దన్నానా?"

సాయంత్రం మూతలు తీస్తే కుండలన్నీ గడ్డపెరుగు. చుక్కమ్మ జరిపిన కుండలో మటుకు నీళ్ళూ విరుగూ. చుక్కమ్మ రెక్కలు చాచి ఆ కుండకి అడ్డం నిలబడి గుసగుసలాడింది. "ఆపెయ్యక్కా లైవు! పరువు పోతుంది! దీన్ని మిగతావాటిలో కలిపేద్దాం, ఎవరికీ తెలీదు."

"తప్పుకో." మాణిక్యమ్మ ఆ కుండని ఫోనుకి బాగా దగ్గరగా జరిపింది. "ఇదిగో చూడండి. ఇది తోడుకోలేదు. కదిలింది. దీన్ని అమ్మను, నేనే కుడితిలో కలుపుకుంటాను. మిగతావి రేపు సంతకి తెస్తాను. రెక్కలు కావాలంటే బంగారయ్య కొట్టుకి వెళ్ళండి, ఆయన దగ్గర నిజంగానే బాగుంటాయి."

ఇక సంతరోజు! ఆ తొక్కిసలాటకి కానుగ చెట్టు ఓ జానెడు పక్కకి జరిగింది. ఎలుగుబంటి వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు. "విరిగిన కుండ చూపించావు చూడమ్మా, అప్పుడే నాకు మిగతా కుండల మీద నమ్మకం కుదిరింది. ఏదీ, నా ముంత నింపు." కొంగలు మేనత్తని కూడా వెంటబెట్టుకొచ్చాయి. ఆవిడ చుట్టాలింటికి వెళ్ళిందట. కప్ప బంగారయ్య తన వేపుడికి ఊరికే వచ్చిన పేరుకి మురిసిపోయి, నంజుకోవడానికి ఓ పొట్లం కట్టి తెచ్చాడు. గంధర్వం గొంతు సవరించుకునేలోపే కుండలన్నీ ఖాళీ. చూస్తే అతను కూడా వరసలోనే ఉన్నాడు, ముంత పట్టుకుని.

"వదినా, అడుగున ఏమైనా మిగిలిందా? ఎండలో పాడి పాడి గొంతు మండుతోంది."

తాతారావు వచ్చి చేరేసరికి కుండలు బోర్లించి ఉన్నాయి. ఆయన ఒక్కొక్క దాన్నీ తట్టి చూసి, తల పూర్తిగా బయటపెట్టి నవ్వాడు. ఆయన మెడ అంత పొడవుంటుందని ఆ సంతలో అప్పటిదాకా ఎవరికీ తెలీదు. "నీడ నీదేనమ్మా."

అప్పుడు దిగాడు సుదర్శనం, మెడపట్టీ తళతళలాడిస్తూ. "చూశారా మేడమ్, నా ప్రచారం ఎలా పట్టుకుందో! ఏదీ నా బాన?"

ఆ బాన ఒక్కటీ మాణిక్యమ్మ పక్కన పెట్టి ఉంది. పైన మీగడ దిండులా పొంగి ఉంది. సుదర్శనం నాలుక మోకాళ్ళదాకా జారింది.

"ఇస్తానయ్యా. మాట మాటే. నువ్వు తెచ్చిన వేలాది ఫాలోవర్లలో ఒక్కళ్ళని పిలు, వాళ్ళ చేత్తోనే ఇప్పిస్తాను."

"వాళ్ళు ఇక్కడికెలా వస్తారు మేడమ్? వాళ్ళుండేది ఫోన్లో."

"బయటికి రారా?"

"రారు."

"ఎంత పిలిచినా?"

"మీకర్థం కావట్లేదు మేడమ్. వాళ్ళు ఫోన్లో కనబడతారు. అంతే."

"ఇప్పుడర్థమైంది. చుక్కమ్మా, ఈ బానకి మంచి ఫోటో తియ్యి. మీగడ బాగా కనబడాలి. ఆఁ, తీశావా? ఈయనకి పంపించు."

సుదర్శనం ఫోను టింగుమంది. "ఇదేంటి?"

"నీ బాన పెరుగు. ఫోన్లో కనబడుతుంది. అంతే."

"కావాలంటే ఫిల్టరు కూడా వేసిస్తాను, ఇంకా తెల్లగా ఉంటుంది" అంది చుక్కమ్మ.

"తాతారావుగారూ, అన్యాయం!"

తాతారావు చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన పూర్తయ్యేలోపు మాణిక్యమ్మ అసలు బానని కొంగల మేనత్తకీ గంధర్వానికీ పంచిపెట్టేసింది. ఆఖర్న ఆయన తేల్చాడు. "నువ్వు ఎక్కడ ఇచ్చావో, పుచ్చుకోవడమూ అక్కడే నాయనా. సబబుగానే ఉంది."

సుదర్శనం తోక ముడిచి తిరిగేసరికి ఆకాశం ఆకుపచ్చగా కమ్ముకొచ్చింది. చిలకలు! "మా మిరపకాయలు ఏవి?" పెరుగు అమ్ముకుని మిరపకాయలు ఇద్దామని అతని పథకం. చేతిలో ఏముంది? ఫోటో ఒక్కటే. పాపం, సిగ్గు విడిచి దాన్నే చూపించాడు. చిలకలు ఫోటోని ముక్కుతో పొడిచి చూశాయి, అద్దం పగిలింది కానీ కారం తగల్లేదు. ఇక ఆ గుంపు గుంపంతా అతన్ని ఏటిదాకా పొడుచుకుంటూ తీసుకెళ్ళి, ఏట్లో ముంచి, మళ్ళీ పొడుచుకుంటూ వెనక్కి తెచ్చింది.

కొన్నాళ్ళకి ఒంటి మీద బొచ్చు మొలిచాక, సుదర్శనం కొత్త పేజీ తెరిచాడు. నుదుట విభూతి, మెడలో పూసలు, కళ్ళలో దయ. కింద ఇలా రాసుకున్నాడు: "నేను మారిపోయాను. మాంసం మానేశాను. వ్యాపారం చేసుకునే కోళ్ళకి ఉచిత సలహాలు. ఒంటరిగా రండి."

కొన్ని పెట్టలు మెత్తబడ్డాయి. ఫోటో అంత బాగుంది మరి. రెండు మూడైతే రెక్కలు దులుపుకుని బయల్దేరాయి కూడా. దారిలో చుక్కమ్మ ఎదురైంది.

"ఎక్కడికే?"

"సుదర్శనంగారి దగ్గరికి. ఎంత మారిపోయారో చూశావా?"

"చూశాను. కింద ఆయన దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు ఏం రాశారో మీరు చూశారా?"

పెట్టలు ఫోను మీదికి వంగాయి. మిరపకాయలు ముట్టని కోపంతో చిలకలన్నీ, ఒక్కటి కూడా మానకుండా, వాళ్ళకొచ్చిన ఆ ఒక్క ముక్కనే ఆ విభూతి ఫోటో కింద బారులు తీర్చి రాసి పెట్టాయి:

"ఆహా, ఏం రుచి! రెక్కలు కూడా కరకరలాడాయి!"

ఆ పెట్టలు వెనక్కి పరిగెత్తిన వేగానికి లేచిన దుమ్ము మొన్నమొన్నటిదాకా దిగలేదు. బొరియ గుమ్మంలో సుదర్శనం మాత్రం ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాడు, పగిలిన అద్దంలో మీగడ పెరుగు ఫోటో నాకుతూ.

నీతి: నీ సరుకు సంగతి విరిగిన కుండతో సహా నువ్వే చెప్పుకో, అద్దెకి తెచ్చిన నోరు దానికొచ్చిందే కూస్తుంది.